చిప్‌ మీద కాలేయం.. పక్కనే గుండె!

*మందుల్ని ఇన్నాళ్లూ ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించారు. ఇప్పుడు మనిషి కణాలతో చిన్న చిన్న అవయవ నమూనాలు తయారుచేసి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి పరీక్షిస్తున్నారు. మన చట్టం కూడా దీన్ని ఒప్పుకొంది. మందుల రాజధాని అనిపించుకుంటున్న హైదరాబాద్‌కు ఇందులో ఏముంది? మన ఇంటి మందుల డబ్బాకు ఏముంది?*

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లినా భోజనాల బల్ల మీద ఒక ప్లాస్టిక్‌ డబ్బా కనిపిస్తుంది. వారానికి ఏడు గళ్లు. ఒక్కో గడిలో నాన్నగారి బీపీ మాత్ర, షుగర్‌ మాత్ర, కొలెస్ట్రాల్‌ మాత్ర, పరగడుపున వేసుకునే గ్యాస్‌ మాత్ర. మోకాళ్ల నొప్పులకు అమ్మ వేసుకునేవి వేరే. ఆదివారం సాయంత్రం కొడుకో కూతురో కూర్చుని ఈ గళ్లు నింపుతుంటారు.

వీటిలో ప్రతి మాత్రా ఎన్నో పరీక్షలు దాటుకుని వచ్చిందే. కానీ చాలావరకు ఆ పరీక్షలు విడివిడిగా జరిగినవి. ఒంట్లోకి వెళ్లాక మాత్రలు విడిగా ఉండవు. పేగు పీల్చుకుంటుంది, కాలేయం రూపం మార్చేస్తుంది, రక్తం మోసుకెళ్తుంది, గుండెకు తగులుతుంది, కిడ్నీ బయటికి పంపుతుంది. ఒక అవయవం చేసిన పనికి ఫలితం ఇంకో అవయవంలో కనిపిస్తుంది. ఈ వరుసనంతా మనిషి నోట్లో మాత్ర పడకముందే చూడగలమా అన్నదే ఇప్పుడు ప్రయోగశాలల ముందున్న ప్రశ్న.

ఒక్క అవయవం చెప్పేది సగం కథే

తుమ్ములకు, దురదలకు మనం వాడే ఫెక్సోఫెనడిన్‌ మాత్ర చాలా ఇళ్లలో ఉంటుంది. దీని వెనక ఒక కథ ఉంది. 1980ల్లో దీనికి ముందు టెర్ఫెనడిన్‌ అనే మందు వచ్చింది. అలర్జీ తగ్గుతుంది, నిద్ర మత్తు రాదు. జనం ఎగబడి వాడారు. నిజానికి ఒంట్లో పనిచేసింది టెర్ఫెనడిన్‌ కాదు. పేగు నుంచి కాలేయానికి చేరగానే అది దాదాపు మొత్తం ఫెక్సోఫెనడిన్‌గా మారిపోయేది. ఆ మార్పు జరిగినంత కాలం ఇబ్బంది లేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కాలేయంలో ఆ మార్పు చేసే ఎంజైమ్‌ను కొన్ని ఇతర మందులు అడ్డుకుంటాయి. ఫంగస్‌కు వాడే కీటోకోనజోల్‌, ఇన్‌ఫెక్షన్లకు వాడే ఎరిత్రోమైసిన్‌ అలాంటివే. వాటితో కలిపి వేసుకున్నవారిలో టెర్ఫెనడిన్‌ మారకుండా రక్తంలో పేరుకుపోయింది. నేరుగా గుండెకు చేరి లయ తప్పించింది. కొందరి ప్రాణాలు పోయాయి. చివరికి 1998లో అమెరికా మార్కెట్‌ నుంచి దాన్ని తీసేశారు. దాని స్థానంలో, కాలేయం తయారుచేసి ఇచ్చిన ఫెక్సోఫెనడిన్‌నే నేరుగా మాత్రగా చేశారు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. టెర్ఫెనడిన్‌ను గుండె కణాల మీద మాత్రమే పరీక్షిస్తే ‘ఇది విషం’ అంటాయి. కాలేయ కణాల మీద మాత్రమే పరీక్షిస్తే ‘మాకేం ఇబ్బంది లేదు’ అంటాయి. రెండూ సగం నిజాలే. కాలేయం, గుండె ఒకే ప్రవాహంలో ఉన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన హెస్పెరోస్‌ సంస్థ పరిశోధకులు సరిగ్గా ఇదే మందును కాలేయం-గుండె కలిపిన నమూనాలో పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. కాలేయం మందును మారుస్తుంటే గుండె కణాల మీద దాని ప్రభావం గంటగంటకూ ఎలా మారుతుందో అందులో చూడగలిగారు.

ఇలాంటివి మన ఇళ్లలోనూ ఉన్నాయి. స్టెంట్‌ వేయించుకున్నవారికి ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను కాలేయం మారిస్తేనే అది పనిచేస్తుంది. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్‌ ఆ మార్పును తగ్గిస్తుంది. అందుకే ఈ రెండూ కలిపి వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌దీ అదే తంతు. మామూలు మోతాదులో మంచి మందు. మోతాదు దాటితే కాలేయమే దాన్ని ఒక విష పదార్థంగా మార్చి, ఆ విషానికి తానే బలవుతుంది.

మియాపూర్‌ నుంచి వెళ్లిన మందు

ఈ విషయం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. ఐటీ కారిడార్‌ అంచున ఉన్న మియాపూర్‌ ఒకప్పుడు దీని బాధ స్వయంగా చూసింది.

డాక్టర్‌ కె.అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్‌ రెడ్డీస్‌ అప్పటిదాకా ఇతరులు కనిపెట్టిన మందుల్ని చౌకగా తయారుచేసే సంస్థ. సొంతంగా కొత్త మందు కనిపెట్టాలన్నది ఆయన కల. మియాపూర్‌లోని పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు మధుమేహానికి కొత్త అణువులు తయారుచేశారు. 1997లో వాటిలో ఒకదాన్ని డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌ తీసుకుంది. భారతీయ కంపెనీ కనిపెట్టిన అణువును ఒక అంతర్జాతీయ సంస్థ కొనుక్కోవడం అప్పట్లో పెద్ద వార్త. మరుసటి ఏడాది ఇంకోటి కూడా వెళ్లింది. దాని పేరు రాగాగ్లిటజార్‌. అటు చక్కెరను, ఇటు రక్తంలో కొవ్వును రెండింటినీ తగ్గించే మందు. చివరి దశ అయిన మూడో దశ మానవ పరీక్షల వరకూ చేరింది.

2002 జులైలో పరీక్షలు ఆగిపోయాయి. కారణం, మందు దీర్ఘకాలం ఇచ్చిన ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. అప్పటికే మందు వేసుకుంటున్న మనుషుల్ని కాపాడాలంటే వేరే దారి లేదు. ఆపడమే సరైన నిర్ణయం. కానీ ఆ ఒక్క నిర్ణయంతో ఏళ్ల తరబడి పడ్డ శ్రమ పక్కకు పోయింది.

మరి ఎలుకలో వచ్చింది మనిషిలోనూ వచ్చేదా? ఈ ప్రశ్నకు అప్పట్లో జవాబు చెప్పే సాధనమే లేదు. తర్వాత అదే కుటుంబానికి చెందిన ఇంకో మందు, అమెరికా కంపెనీ బ్రిస్టల్‌ మయర్స్‌ స్క్విబ్‌ వారి మురాగ్లిటజార్‌, ఎలుకల్లో ఇలాంటి కణితులే తెచ్చింది. పరిశోధకులు తరచిచూస్తే, మగ ఎలుకల మూత్రంలో ఏర్పడే స్ఫటికాలు మూత్రాశయం గోడను గీరడం వల్ల అలా జరిగిందని, ఎలుకల మూత్రాన్ని ఆమ్ల గుణంలోకి మార్చే ఆహారం పెడితే కణితులు రాలేదని తేలింది. అంటే ఆ మందు విషయంలో అది ఎక్కువగా ఎలుకల సమస్య. కానీ అక్కడితో కథ సుఖాంతం కాలేదు. మనుషుల పరీక్షల సమాచారాన్ని విశ్లేషిస్తే మురాగ్లిటజార్‌ వేసుకున్నవారిలో గుండె సమస్యలు ఎక్కువయ్యాయని 2005లో బయటపడింది. ఆ మందునూ వదిలేశారు. ఎలుక మూత్రాశయాన్ని చూపించి భయపెట్టింది. మనిషికి దెబ్బ తగిలింది గుండెలో.

ఇదే కోవకు చెందిన సరోగ్లిటజార్‌ను అహ్మదాబాద్‌కు చెందిన జైడస్‌ అభివృద్ధి చేసింది. 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఫ్యాటీ లివర్‌ ఉన్న చాలామందికి వైద్యులు రాస్తున్నారు. వీటికి దగ్గరి చుట్టమైన పయోగ్లిటజోన్‌ను మూత్రాశయ క్యాన్సర్‌ అనుమానంతో కేంద్రం 2013 జూన్‌లో నిలిపేసి, జులై చివర్లో హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది. ఒకే కుటుంబం, నాలుగు మందులు, నాలుగు రకాల తీర్పులు. లక్షలాది మంది మధుమేహులు ఎదురుచూసే చోట మన దగ్గరున్న కొలబద్దలు ఎంత కచ్చితమైనవో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఎలుకకు తెలియని సంగతులు

జంతు పరీక్షలు పనికిరానివని ఎవరైనా అంటే నమ్మొద్దు. ప్రమాదకరమైన పదార్థాలెన్నింటినో మనిషి దాకా రాకుండా ఆపింది అవే. కానీ అవి పొరబడినప్పుడు మూల్యం పెద్దది.

1993లో అమెరికాలో హెపటైటిస్‌-బికి ఫియాలురిడిన్‌ అనే మందును 15 మంది రోగులకు ఇచ్చారు. జంతువుల్లో భద్రంగానే కనిపించింది. ఏడుగురికి కాలేయం దెబ్బతింది. అయిదుగురు చనిపోయారు, మిగతా ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. 2006లో లండన్‌లో టీజీఎన్‌1412 అనే మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు. కోతుల్లో భద్రమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే. కొన్ని గంటల్లోనే ఆరుగురూ ఐసీయూలో ఉన్నారు. మధుమేహానికి వచ్చిన ట్రోగ్లిటజోన్‌ కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు.

మనుషుల మీద పరీక్షలకు చేరిన మందుల్లో పదింటికి తొమ్మిది మార్కెట్‌ దాకా రావు. కొన్ని పనిచేయక, కొన్ని హాని చేసి మధ్యలోనే ఆగిపోతాయి. ఆ వైఫల్యాల ఖర్చంతా గెలిచిన పదో మందు ధరలో మనమే కడుతున్నాం. అంతకన్నా ముఖ్యం, మొదటి మోతాదు ఒంట్లోకి ఎక్కించుకునేది ఎవరో ఒకరు ఉంటారు. 2017లో కరీంనగర్‌ జిల్లా జమ్మికుంట వైపు నుంచి డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్లిన యువకుల గురించి వచ్చిన వార్తలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ప్రయోగశాలలో ఎంత ఎక్కువ తెలిస్తే, ఆ కుర్చీలో కూర్చునేవారికి అంత భద్రత.

పెన్‌డ్రైవ్‌ అంత అవయవం

చిప్‌ అనగానే కంప్యూటర్‌ చిప్‌ అనుకోవద్దు. ఇది పెన్‌డ్రైవ్‌ అంత ఉండే, కాంతి దూరే మెత్తటి పాలిమర్‌ ముక్క. లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు. మధ్యలో సూక్ష్మ రంధ్రాల పొర. పొరకు ఒకవైపు అవయవ కణాలు, రెండోవైపు రక్తనాళపు గోడలో ఉండే కణాలు. కాలువల్లో పోషక ద్రవం రక్తంలా నెమ్మదిగా పారుతుంటుంది. 2010లో అమెరికాలో హార్వర్డ్‌ విశ్వవిద్యాలయానికి చెందిన వైస్‌ ఇనిస్టిట్యూట్‌ పరిశోధకులు ఊపిరితిత్తి చిప్‌ను చూపించారు. ఊపిరి పీల్చి వదిలినట్టు ఆ పొర సాగి ముడుచుకుంటుంది. గాజు పళ్లెంలో కదలిక లేకుండా పడి ఉండే కణాలకన్నా, ఇలా ప్రవాహం, కదలిక ఉన్నచోట పెరిగే కణాలు అసలు అవయవంలా ప్రవర్తిస్తాయి.

కణాలు ఎక్కడివి? కొన్ని శస్త్రచికిత్సల్లో తీసేసిన కణజాలం నుంచి. మరికొన్ని మన చర్మం లేదా రక్త కణాల నుంచే. జపాన్‌ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో మామూలు కణాన్ని మూలకణంగా వెనక్కి తిప్పే పద్ధతి కనిపెట్టి, 2012లో నోబెల్‌ పంచుకున్నారు. ఆ మూలకణాన్ని మళ్లీ గుండె కణంగానో కాలేయ కణంగానో పెంచవచ్చు.

తర్వాతి మెట్టు ఈ చిప్‌లను కలపడం. పేగు చిప్‌లోంచి వచ్చిన ద్రవం కాలేయ చిప్‌లోకి, అక్కడి నుంచి గుండెకు, కిడ్నీకి. 2018లో అమెరికాలోని ఎంఐటీ బృందం పది అవయవాల నమూనాల్ని కలిపి నాలుగు వారాలు నడిపింది. 2020లో వైస్‌ బృందం పేగు, కాలేయం, కిడ్నీ లాంటి చిప్‌లను కలిపి, కంప్యూటర్‌ లెక్కలు జోడించి, నికోటిన్‌, సిస్‌ప్లాటిన్‌ ఒంట్లో ఎలా తిరుగుతాయో అంచనా వేసింది. 2022లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు గుండె, కాలేయం, ఎముక, చర్మాన్ని రక్తనాళం లాంటి ప్రవాహంతో కలిపి, క్యాన్సర్‌ మందు డోక్సోరూబిసిన్‌ ప్రభావాన్ని చూశారు.

ఇవి నిజంగా మేలేనా? 2022 డిసెంబరులో ఎమ్యులేట్‌ సంస్థ ఒక ఫలితం ప్రకటించింది. 870 కాలేయ చిప్‌ల మీద 27 మందుల్ని పరీక్షిస్తే, మనుషుల కాలేయానికి హాని చేసే మందుల్లో 87 శాతాన్ని అవి పట్టుకున్నాయి. మంచి మందును చెడ్డదని ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు. అయితే చిప్‌ తయారుచేసేదీ, పరీక్ష చేసిందీ ఒకే సంస్థ అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఇంకా ఎక్కువ మందుల మీద, బయటివాళ్లు చేసినప్పుడే పూర్తి నమ్మకం కుదురుతుంది. ఎఫ్‌డీఏ 2024లో ఈ కాలేయ చిప్‌ను తన మదింపు కార్యక్రమంలోకి తీసుకుంది.

చట్టం మారింది.. చప్పుడు లేకుండా

1937లో అమెరికాలో విష రసాయనం కలిసిన ఒక సిరప్‌ తాగి వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతోనే మార్కెట్లోకి రాకముందు మందు భద్రతను నిరూపించడం తప్పనిసరి అయింది. అప్పటి నుంచి జంతు పరీక్ష అన్నది దాటాల్సిన గడప. 2022 డిసెంబరు 29న సంతకమైన కొత్త చట్టంతో అమెరికా ఆ గడపను సడలించింది. మనుషుల పరీక్షలకు ముందు జంతువుల మీదే చూపించాలన్న నిబంధన పోయింది. చిప్‌లు, కణ నమూనాలు, కంప్యూటర్‌ మోడళ్లు కూడా చూపించవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ఇంకో అడుగు వేసి, మోనోక్లోనల్‌ యాంటీబాడీ మందులతో మొదలుపెట్టి జంతు పరీక్షల్ని దశలవారీగా తగ్గించే ప్రణాళిక ప్రకటించింది.

మనమూ వెనకబడలేదు. 2023 మార్చిలో కేంద్రం ‘కొత్త మందులు, క్లినికల్‌ ట్రయల్స్‌’ నిబంధనల్ని సవరించింది. మనుషుల పరీక్షలకు ముందు చేసే పరీక్షల నిర్వచనంలో కణ ఆధారిత పద్ధతుల్ని, అవయవ చిప్‌లను, కంప్యూటర్‌ మోడళ్లను చేర్చింది. జంతు పరీక్షను తీసేయలేదు. దాని పక్కన వీటికీ కుర్చీ వేసింది. అయితే కుర్చీ వేయడం వేరు, కూర్చోబెట్టి మాట వినడం వేరు. ఏ చిప్‌ ఫలితాన్ని ఏ మేరకు నమ్మాలి, ఏ ప్రమాణాలు పాటించాలి అన్నది కంపెనీలకూ, దస్త్రాలు చూసే అధికారులకూ స్పష్టంగా తెలిస్తే తప్ప ఎవరూ ముందుకు రారు. కోట్లు పెట్టి చిప్‌ మీద పరీక్ష చేశాక, ‘ఎలుక ఫలితం ఏది?’ అని అడిగితే ఖర్చు రెండింతలే అవుతుంది.

హైదరాబాద్‌ దగ్గర అన్నీ ఉన్నాయి.. విడివిడిగా

హబ్సిగూడలోని సీసీఎంబీకి చెందిన అటల్‌ ఇంక్యుబేషన్‌ సెంటర్‌, హ్యూమేన్‌ సొసైటీ ఇంటర్నేషనల్‌ ఇండియాతో కలిసి 2019లోనే ఒక కేంద్రాన్ని మొదలుపెట్టింది. మనిషి కణాల ఆధారిత నమూనాల్ని మన దేశంలో పెంచడమే దాని పని. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్‌ తొలినాళ్లలో, బెంగళూరుకు చెందిన ఐస్టెమ్‌తో సీసీఎంబీ చేతులు కలిపింది. మనిషి ఊపిరితిత్తుల కణాల మీద వైరస్‌ను పెంచి, మందుల్ని పరీక్షించే ప్రయత్నం అది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్‌ కంటి ఆస్పత్రి పరిశోధకులు మూలకణాల నుంచి కంటి కణజాల నమూనాల్ని పెంచుతున్నారు. 2022లో వారు, ఐఐటీ హైదరాబాద్‌, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేశారు. శామీర్‌పేట దగ్గర బిట్స్‌ పిలానీ ప్రాంగణంలో సన్నటి కాలువల సాంకేతికత మీద పనిచేసే ల్యాబ్‌ ఉంది. జీనోమ్‌ వ్యాలీలో వ్యాక్సిన్‌, మందుల కంపెనీలు, పరీక్షలు చేసిపెట్టే కాంట్రాక్ట్‌ సంస్థలు ఉన్నాయి. పరిశోధనలకు జంతువుల్ని అందించే ఐసీఎంఆర్‌ జాతీయ కేంద్రమూ అక్కడే.

ఇక ఇటువైపు హైటెక్‌ సిటీ. 1998లో సైబర్‌ టవర్స్‌తో మొదలైనప్పుడు ఇది సాఫ్ట్‌వేర్‌ ఊరు. ఇప్పుడు నొవార్టిస్‌, బ్రిస్టల్‌ మయర్స్‌ స్క్విబ్‌, ఆమ్‌జెన్‌, ఎలీ లిల్లీ లాంటి మందుల సంస్థల పెద్ద కార్యాలయాలు ఈ కారిడార్‌లో ఉన్నాయి. ఆమ్‌జెన్‌ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఎక్కడో బోస్టన్‌లోనో బాసెల్‌లోనో జరిగే పరీక్షల లెక్కలు చూసేది ఇక్కడి మన పిల్లలే. అవయవ చిప్‌కు ఈ లెక్కలే ప్రాణం. గోరంత కాలేయంలో కనిపించిన మార్పు కిలోన్నర కాలేయానికి ఎంత అవుతుందో చెప్పాలంటే కంప్యూటర్‌ మోడల్‌ కావాలి. కణాల సూక్ష్మదర్శిని చిత్రాల్ని వేల సంఖ్యలో చదవాలంటే కృత్రిమ మేధ కావాలి. మాదాపూర్‌లో ఉన్న పని అదే.

అంటే కణాలు పెంచే చేయి తూర్పున హబ్సిగూడలో, మందు తయారుచేసే చేయి ఉత్తరాన శామీర్‌పేటలో, లెక్కలు చూసే మెదడు పడమర హైటెక్‌ సిటీలో ఉన్నాయి. మెట్రో ఎక్కితే హబ్సిగూడ నుంచి హైటెక్‌ సిటీకి దారి ఉంది. పరిశోధనల మధ్యే ఆ దారి సన్నగా ఉంది. అవయవాల్ని కలిపితేనే అసలు సంగతి తెలుస్తుందన్నది చిప్‌ నేర్పిన పాఠం. అది ఈ నగరానికీ వర్తిస్తుంది.

ఎవరి కణాలు?

ఇంత హడావుడిలో మరిచిపోకూడని ప్రశ్న ఇంకోటుంది. చిప్‌లో ఉన్నవి ఎవరి కణాలు? విదేశాల్లో తయారయ్యే చిప్‌లలో ఎక్కువగా ఉండేవి అక్కడివారి కణాలే. అవి చెప్పింది మనకు సరిపోతుందా?

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌ కొలీన్‌ అనే ఇంజెక్షన్‌ ఇస్తారు. కొన్ని నిమిషాల్లో ప్రభావం పోతుంది. ఎందుకంటే కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎంజైమ్‌ దాన్ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్‌ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇతరులకన్నా బాగా ఎక్కువ. తరతరాలుగా దగ్గరి కుటుంబాల్లోనే పెళ్లిళ్లు జరగడం వల్ల ఒక జన్యు మార్పు అలా నిలిచిపోయింది. లోపం ఉన్నవారిలో ఇంజెక్షన్‌ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఊపిరి కండరాలు పనిచేయవు, వెంటిలేటర్‌ మీద ఉంచాలి. తయారీ కాలేయంలో, పని రక్తంలో, ప్రమాదం ఊపిరి కండరాల్లో. అవయవాల మధ్య బంధానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇది తప్పో, అవమానమో కాదు. ముందే డాక్టరుకు చెబితే వేరే మందుతో సులభంగా తప్పించుకోగల విషయం.

ఇంకొకటి. గుండె కండరంలో ఉండే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల లోపం మన ఉపఖండపు జనంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, వారికి గుండె బలహీనపడే ముప్పు ఎక్కువని సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం 2009లో వెల్లడించింది. ఆ లోపం ఉన్న గుండె కణాలు లేని చిప్‌ మీద ‘గుండెకు భద్రం’ అని ముద్ర వేసిన మందు, మనలో ప్రతి 25 మందిలో ఒకరికి ఆ మాట కచ్చితంగా చెప్పగలదా? అందుకే మన కణాలతో, మన ల్యాబుల్లో తయారయ్యే చిప్‌లు కావాలి. వాటి కోసం కణాలు ఇచ్చేవారి అనుమతి, వారి జన్యు సమాచారానికి గోప్యత కూడా అంతే పక్కాగా ఉండాలి.

అతిగా ఆశపడొద్దు

చిప్‌ వచ్చేసింది, ఇక ఎలుకలకు విముక్తి, మనకు భద్రత అనుకుంటే తొందరపాటే. దీనికి పరిమితులు చాలా ఉన్నాయి.

- మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలు పెద్దవారి గుండె కణాల్లా పరిపక్వం కావు. పుట్టబోయే బిడ్డ గుండె కణాలకు దగ్గరగా ఉంటాయి.
- చిప్‌ తయారీలో వాడే పాలిమరే కొన్ని మందుల్ని పీల్చేసుకుంటుంది. అప్పుడు లెక్క తప్పుతుంది.
- అన్ని అవయవాలకూ సరిపోయే ఒకే ద్రవం తయారుచేయడం కష్టం. గుండెకు నచ్చింది కాలేయానికి నచ్చకపోవచ్చు.
- రోగనిరోధక వ్యవస్థ, హార్మోన్లు, గర్భం, వార్ధక్యం లాంటివి చిప్‌లో పూర్తిగా ఇమడవు.
- చిప్‌లు వారాల పాటు నడుస్తాయి. క్యాన్సర్‌ లాంటివి ఏళ్ల తర్వాత బయటపడతాయి. రాగాగ్లిటజార్‌ లాంటి మందు ఈ రోజు వస్తే, మనిషి మూత్రాశయ కణాలు, ఎలుక మూత్రాశయ కణాలు దానికి ఒకేలా స్పందిస్తాయో లేదో చిప్‌ చూపించగలదు. పదేళ్లు వాడితే క్యాన్సర్‌ వస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

ఇంకో మాట. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్‌ తాగి పసిపిల్లలు చనిపోయారు. అందులో ఉన్నది డైఇథిలీన్‌ గ్లైకాల్‌. 1937లో అమెరికాలో ప్రాణాలు తీసింది కూడా అదే. దాన్ని పట్టుకోవడానికి అవయవ చిప్‌ అక్కర్లేదు. ముడిసరుకు మీద ఎప్పటినుంచో ఉన్న పరీక్ష ఒకటి నిజాయతీగా చేస్తే చాలు. కొత్త సాంకేతికత మీద మాట్లాడుకుంటూ పాత బాధ్యతను మరిచిపోతే ఎన్ని చిప్‌లున్నా ప్రయోజనం ఉండదు.

ఇంట్లో మనం చేయాల్సింది

అవయవ చిప్‌ల ఫలితాలు మన మందుల చీటీ దాకా రావడానికి సమయం పడుతుంది. ఈలోగా మన చేతుల్లో ఉన్నవి కొన్ని.

- ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే అన్ని మాత్రలూ ఒకే కాగితం మీద రాసి ఉంచండి. ఆయుర్వేదం, హోమియో, బలానికి వేసుకునే మాత్రలు కూడా. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే కాగితం చూపించండి.
- దుకాణంలో అడిగి తెచ్చుకునే గ్యాస్‌ మాత్ర, నొప్పి మాత్ర కూడా మందే. స్టెంట్‌ వేయించుకున్నవారు, కిడ్నీ సమస్య ఉన్నవారు వాటిని డాక్టరును అడగకుండా వాడొద్దు.
- జ్వరం మాత్రతో పాటు జలుబు మాత్ర వేసుకుంటే రెండింట్లోనూ పారాసిటమాల్‌ ఉండొచ్చు. అట్ట మీద పేరు చదవండి. మద్యం అలవాటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.
- కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చాక తేరుకోవడం ఆలస్యమై ఉంటే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. ఎంజైమ్‌ లోపం తెలుసుకునే రక్త పరీక్ష ఉంది.
- కొత్త మందు మొదలుపెట్టాక దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, గుండె దడ లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టరును కలవండి. ఆ సంగతిని ప్రభుత్వ ఔషధ భద్రతా విభాగానికి తెలియజేయమని అడగండి. హెల్ప్‌లైన్‌ 1800-180-3024కు రోగులు నేరుగా కూడా ఫోన్‌ చేయవచ్చు.
- సొంతంగా ఏ మందూ ఆపేయొద్దు. బీపీ, షుగర్‌ మాత్రలు హఠాత్తుగా మానేస్తే కలిగే నష్టం, మందుల మధ్య పడకపోవడం వల్ల కలిగే నష్టంకన్నా తక్కువేమీ కాదు.

ఆదివారం సాయంత్రం మళ్లీ ఆ డబ్బా గళ్లు నింపేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. అందులో ఒక్కో మాత్ర వెనక ఎన్నో ఎలుకలు, కొన్ని కుక్కలు, మనకు పేరు తెలియని కొందరు మనుషులు ఉన్నారు. రేపటి మాత్ర వెనక వాళ్ల సంఖ్య తగ్గాలి. ఆ పని చేయడానికి కావలసినవన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే పనే మిగిలింది.